యాదన్న తిరిగిన ఆరు వేల ఏడు వందల కిలోమీటర్లు

యాదన్న ఇక లేడన్న కబురు నాకు వేబ్రిడ్జి గదిలో ఉండగా వచ్చింది. మునగాల వైపు నుంచి వచ్చిన ధాన్యం లారీ కాంటా మీద నిలబడి ఉంది. చీటీ మీద తూకం రాయబోతుండగా ఆయన బిడ్డ సుజాత ఫోన్ చేసింది. “బాబాయ్, నాన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కుర్చీల ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే ఖతం అన్నరు,” అన్నది. నేను ఏమన్నానో, ఆ చీటీ మీద ఏ అంకె వేశానో గుర్తు లేదు. కాసేపటికి డ్రైవరు చీటీ తిరిగి తెచ్చి, “సార్, ఒక సున్నా ఎక్కువ పడ్డది,” అని నా ముందు పెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ గదిలో కూర్చుని అంకెలు రాస్తున్నాను. నా చేతిలో పడిన మొదటి తప్పు అదేననుకున్నాను. మొదటిది అది కాదని పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

చింతల యాదగిరి అంటే ఎవరని అడిగేవాళ్లు ఉండవచ్చు. యాదన్న అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నడుమ పాత కారు కొన్న ఏ కుటుంబమూ అడగదు. అరవై మూడేళ్ల జీవితంలో ఇరవై రెండేళ్లు ఒక కార్ల సర్వీసు సెంటరులో, ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఖమ్మం రోడ్డులోని తన రేకుల షెడ్డులో గడిపిన శ్రమజీవి ఆయన. చదివింది ఏడో తరగతి. ఎదుటివాడి కష్టార్జితం మోసగాళ్ల పాలు కాకూడదన్నది ఆయన వ్రతం. అమ్మేవాడి చేతి చాయ్ కూడా తాగేవాడు కాదు. “వాని చక్కెర నా నాలుక మీద ఉంటే నా మాట తియ్యగైతది,” అనేవాడు. ఆ నిష్ఠ నాకు లేదు. చాయ్ ఇస్తే నేను తాగేవాణ్ని.

అంత్యక్రియల నాడు వాగు దాకా వచ్చిన కార్లను లెక్కపెట్టాను. అది నా అలవాటు, దుఃఖంలో కూడా పోలేదు. నూట నలభై మూడు. వాటిలో ఎనభై తొమ్మిది ఆయన చూసి సరే అన్నవని నంబర్లను బట్టి గుర్తుపట్టాను. నేను చూసి సరే అన్నవి నాలుగు. ఆ నాలుగూ ఆయన కూడా చూసినవే. నేను పోయిన నాడు ఎన్ని వస్తాయోనని అక్కడే నిలబడి ఒక అంచనా వేసుకున్నాను. ఆ అంచనా ఎంతో ఇక్కడ రాయను.

ఇందులో దాచేదేమీ లేదు. పద్నాలుగేళ్ల స్నేహంలో నేను యాదన్న మీద అసూయ పడని వారం లేదు. ఈ సంస్మరణ సంచిక తెస్తున్న మెకానిక్ మిత్రులు నన్ను నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు రాస్తాను. కానీ ఏ బండి చరిత్ర రాసినా దాని గుద్దులు కూడా రాయాలన్నది మా ఇద్దరి నియమం. మా స్నేహానికి పడ్డ గుద్దు నా అసూయే. అది రాయకపోతే మిగతాదంతా పాత బండికి కొత్త రంగు వేసినట్టవుతుంది.

పరిచయం నా అవమానంతోనే మొదలైంది. పద్నాలుగేళ్ల కిందట ఒక పాత కారు కొన్నాను. మీటరు నలభై ఆరు వేల కిలోమీటర్లు చూపించింది. అంకెను నమ్మి బతికేవాణ్ని గనుక మీటరును నమ్మాను. కొన్న వారానికి గేరు గట్టిపడితే, అప్పుడే షెడ్డు తెరిచిన యాదన్న దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఇంజన్ జోలికే పోలేదు. కింద కూర్చుని బ్రేకు తొక్కే పట్టీ మీది రబ్బరును బొటనవేలితో రుద్దాడు.

“తమ్మీ, ఈ రబ్బరు మీది గీతలు యాడ పోయినయ్?”

“ఏమో అన్నా. బండి నలభై ఆరు వేలే తిరిగింది.”

“నలభై ఆరు వేలకు పాదం గింత రబ్బరు తింటదా? నువ్వు కొన్నది బండి కాదు, మీటరు.”

షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన తన పాత సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి నా బండి నంబరు చెప్పాడు. రెండేళ్ల ముందు అదే బండి లక్షా పన్నెండు వేల దగ్గర సర్వీసుకు వచ్చిందని అవతలి మనిషి చెప్పాడు. మీటరును వెనక్కి తిప్పి నాకు అంటగట్టారన్న మాట. నా ముఖం చూసి యాదన్న నవ్వు ఆపేశాడు. “అంకెకు నోరుండదు తమ్మీ. ఎవలు పలికిస్తే వాళ్ల మాట పలుకుతది,” అన్నాడు. అందరూ ఆయన మాటగా చెప్పుకునే ఆ వాక్యం మొదట పుట్టింది నా పరాభవం మీదనే.

ఆ రోజు నుంచి నేను బండ్ల సర్వీసు చరిత్ర చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగినవాణ్ని, పాత ఇంటర్ పుస్తకం ముందు పెట్టుకుని గ్రాఫు గీయడం పట్టుబడేదాకా గీశాను. పద్ధతి చాలా సులువు. యజమాని ఒప్పుకుంటే సర్వీసు సెంటరు నుంచి బండి రికార్డు వస్తుంది. ఎప్పుడెప్పుడు సర్వీసు జరిగింది, అప్పుడు మీటరు ఎంత ఉంది, ఏం మార్చారు అన్నవి అందులో ఉంటాయి. అడ్డంగా తేదీలు, నిలువుగా కిలోమీటర్లు వేసి చుక్కలు కలిపితే ఒక గీత వస్తుంది. మనిషి జీవితం మారనంత కాలం ఆ గీత ఒకే వాలుతో పైకి పోతుంది. ఎక్కడైనా కిందికి దిగితే మీటరు తిప్పారని అర్థం. సర్వీసుల నడుమ ఖాళీ వస్తే ఎందుకొచ్చిందో తేల్చాలి. ఇప్పటికి నా దగ్గర అలాంటి గీతలు ఆరు వందల పన్నెండు ఉన్నాయి.

కానీ ఆ గీతలు చూడడానికి ఎవరూ రాలేదు. యాదన్న చెయ్యి చూడడానికే వచ్చేవాళ్లు. హైదరాబాదు సెంటరు నుంచి మూడు రోజులు తిరిగి తిరిగి రికార్డు తెప్పించి, గీత గీసి, “ఈ బండి తీసుకోవచ్చు” అని చెప్తే, కొనేవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “మరి యాదన్న ఏమంటడు?” అనేవాడు. యాదన్న వచ్చి, బానెట్ ఎత్తి, నూనె మూత తీసి వాసన చూసి, పావుగంటలో నేను చెప్పిందే చెప్పేవాడు. అప్పుడు వాళ్ల ముఖాలు వెలిగేవి. నా మూడు రోజులు ఆయన పావుగంట ముందు అప్రెంటిసులా నిలబడేవి. ఆయన మాత్రం ప్రతిసారీ, “తమ్మి కాగితం ముందే చెప్పింది కదనయ్యా,” అనేవాడు. నన్ను గౌరవించడానికే అనేవాడు. నాకది ఇంకా మండేది.

ఒకసారి కోదాడలో ఒక బ్రోకరు కారు చూపించాడు. సర్వీసు పుస్తకం పక్కాగా ఉంది. అయిదేళ్లు, పది సర్వీసులు, ప్రతి దానికీ స్టాంపు. కాగితం నా రాజ్యం. కిలోమీటర్లన్నీ వరుసలో పెరిగాయి. తేదీల మధ్య వాలు సరిపోయింది. అరగంట లెక్క చేసి సరే అన్నాను. టైరు దగ్గర కూర్చున్న యాదన్న లేచి, చేతులు తుడుచుకుని, నా భుజం మీదుగా పుస్తకంలోకి ఒక్కసారి చూసి నవ్వాడు.

“అయిదేండ్లు ఒకటే పెన్ను రాసింది తమ్మీ. మా సర్వీసు సెంటర్ల పెన్ను అయిదు దినాలు నిలవదు. ఎవడో ఒకడు జేబుల ఏస్కపోతడు.”

చూశాను. మొదటి సర్వీసు నుంచి పదో సర్వీసు దాకా ఒకే నీలం, ఒకే వంపు. బ్రోకరు గొంతు పెంచాడు. “అదేంటండీ, అలా అంటారు! కంపెనీ స్టాంపులండీ ఇవి. పెన్ను చూసి బండి కొంటారా ఎవరైనా?”

“పెన్ను చూసి కొనం సార్. పెన్ను చూసి ఇడిసిపెడతం,” అన్నాడు యాదన్న.

తిరుగు ప్రయాణంలో మునగాల దాబా దగ్గర ఆగాము. ఆయన ఆకలిగా తిన్నాడు. నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. నూనె వాసన, టైరు అరుగుదల ఆయనవి, సరే. కాగితం కూడా ఆయనదే అయితే నాకేం మిగిలింది?

మనుషులతో మాట్లాడే విద్య కూడా ఆయనదే. మునగాలలో ఒక రైతు తన కారు అమ్మకానికి పెట్టాడు. “ఎన్నడు యాడ తగల్లేదు, దేవుని మీద ఒట్టు,” అన్నాడు. యాదన్న ఆయనతో వాదించలేదు. నీళ్లు తెచ్చిన ఆయన భార్యను, “అక్కా, బండిల యాడ కూసుంటే మంచిగుంటది నీకు?” అని అడిగాడు. ఆమె ఏమీ ఆలోచించకుండా, “డ్రైవరు ఎనుక కూసుంట తమ్ముడా. గా ఎడమ దిక్కు గాలి సప్పుడు బాగస్తది. చింతచెట్టుకు గుద్దిన కాడి నుంచి గంతే,” అన్నది. రైతు తల పట్టుకున్నాడు. “నీ నోరు పాడుగాను! గిప్పుడు చెప్పాల్నా?” అన్నాడు. వాళ్లు ముగ్గురూ నవ్వారు. చివరికి ఆ గుద్దు సంగతి కొనేవాడికి చెప్పి, ఉన్నదున్నట్టుగానే బండి అమ్మించాడు యాదన్న. “కాగితంల సగం చరిత్రే ఉంటది తమ్మీ. తక్కిన సగం ఇంట్ల ఆడోళ్లకు యాదుంటది,” అన్నాడు. నేను అప్పటికి రెండు వందల గీతలు గీశాను. ఒక్క ఇల్లాలినైనా ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇన్ని ఓటముల మధ్య నాకు ఒకే ఒక్క గెలుపు ఉండేది. అది వేములపల్లి బండి.

ఆరేళ్లకు పైబడిన మాట. వేములపల్లిలో ఉండే రూతమ్మ లెక్కల టీచరు. ఆమె భర్త దేవదానం గారికి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు మిర్యాలగూడ తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. చేయించుకున్నాక ఆయన ఆటోలో కూర్చోలేకపోయేవాడు. దారిలో ఆగిపోని బండి ఒకటి ఆ ఇంటికి కావాలి. మిర్యాలగూడలో ఒక డీజిల్ కారు అమ్మకానికి వస్తే మా ఇద్దరినీ పిలిచారు. అమ్మే మనిషి కృష్ణా నదికి అవతలి ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు, మర్యాదస్తుడు.

రికార్డు నేను తెప్పించాను. యాభై ఎనిమిది వేల కిలోమీటర్లు, ఎనిమిది సర్వీసులు, అన్నీ సెంటరులోనే. గీత కొలబద్ద పెట్టి గీసినట్టుంది. అయిదో సర్వీసుకూ ఆరో సర్వీసుకూ నడుమ మాత్రం ఏడు నెలల ఖాళీ ఉంది. ఆ ఏడు నెలల్లో బండి తిరిగింది రెండు వందల కిలోమీటర్లే. అమ్మే మనిషిని అడిగితే, “ఊళ్లో లేనండీ, బండి ఇంటి ముందే ఉండిపోయింది,” అన్నాడు. బండి కదలలేదు, కాబట్టి అరగలేదు. ఆ ఖాళీని నేను మంచి గుణం కింద రాసుకున్నాను.

యాదన్న సీటు బెల్టును చివరి దాకా లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి చూశాడు. “వద్దు టీచరమ్మా. ఇది నీళ్లు తాగిన బండి,” అన్నాడు.

“ఎట్ల చెప్తవన్నా? ఇన్సూరెన్స్ క్లెయిము లేదు, రిపేరు లేదు. కాగితంల ఒక్క చుక్క నీళ్లు లేవు,” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

“గా ఏడు నెలలు బండి యాడున్నది?”

“నిలబడి ఉన్నది. నిలబడ్డ బండి అరగదు.”

“నిలబడ్డ బండే మునుగుతది తమ్మీ. నడిచేది తప్పిచ్చుకుంటది.”

రూతమ్మ మా ఇద్దరినీ చూసింది. “యాదగిరి గారూ, నేను పిల్లలకు లెక్కలు చెప్తా. మీ ముక్కుకు వచ్చిన వాసన బోర్డు మీద రాయలేను కద. సోమయ్య గారు రాసి చూపిస్తున్నరు,” అన్నది.

నా జీవితంలో నాకు జరిగిన సన్మానం అది ఒక్కటే. శాలువా లేదు, దండ లేదు, అయినా నేను మరిచిపోలేదు. యాదన్న ఇంకోసారి వద్దని చెప్పి చూశాడు. ఆ తర్వాత, “నా మాట నేను చెప్పిన. బండి మీది, ఇష్టం మీది. ఏమన్నైతే మొహమాటపడకుండ ఫోన్ చేయిండ్రి,” అని తన నంబరు రాసిచ్చాడు. వాళ్లు బండి తీసుకున్నారు.

ఆ బండి నడిచింది. ఆరేళ్లు నడిచింది. నేను ఆ గెలుపును ఎంత వాడుకున్నానో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. నలుగురు కూర్చున్న ప్రతిచోటా ఆ ప్రస్తావన తెచ్చేవాణ్ని. “యాదన్న ముక్కుకు జలుబు చేసిన బండి” అన్న పేరు నేను పెట్టిందే. షెడ్డులో అది సామెతగా మారింది. ఎవరికి ఏ అంచనా తప్పినా, “యాదన్నకు జలుబు చేసినట్టున్నది” అనేవాళ్లు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నేను ఊరుకోక అడిగేవాణ్ని.

“వేములపల్లి బండి ఎట్లున్నదన్నా?”

“మంచిగ నడుస్తున్నది తమ్మీ. మొన్ననే సూసిన. నీ లెక్క నీదే.”

మొన్ననే చూశానంటే రోడ్డు మీద ఎదురుపడిందని అనుకున్నాను. ఎక్కడ చూశావని ఒక్కసారైనా అడగలేదు.

పెద్దకర్మ అయిన మూడో రోజు సుజాత నన్ను ఇంటికి పిలిచింది. యాదన్న సొంత కారు అమ్మాలనుకుంటున్నారు. ఆమె ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టి, “నాన్న ఎప్పుడో చెప్పిండు బాబాయ్. నా బండి అమ్మే దినమొస్తే సోమయ్యతోని హిస్టరీ రాయించుండ్రి, ఆయన రాసిందాన్ల ఒక్క అబద్ధం ఉండదు అన్నడు,” అన్నది. పద్నాలుగేళ్లు ఆ మాట నాకు నేరుగా చెప్పలేదేమని కోపం వచ్చింది. కవరు తీసుకుని వేబ్రిడ్జి గదికి వచ్చాను.

కవరులో ఒక డైరీ, కొన్ని బిల్లులు ఉన్నాయి. డైరీలో ప్రతి సోమవారం తేదీ వేసి, పక్కన మీటరు అంకె రాసి ఉంది. అలా రాయమని ఒకప్పుడు నేనే ఆయనకు చెప్పాను. “నాకు గన్ని అంకెలెందుకు తమ్మీ,” అని నవ్వి కొట్టిపారేశాడు. నేను చెప్పింది ఏ నెలలోనో నాకు గుర్తుంది. డైరీ మొదలైంది కూడా ఆ నెలలోనే.

గీత గీయడం మొదలుపెట్టాను. యాదన్న బతుకు గీత సూటిగా ఉంది. ఇంటి నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి ఇంటికి. బండ్లు చూడడానికి కొనేవాళ్ల కార్లలోనే పోయేవాడు. వారానికి యాభై కిలోమీటర్లు, అటూ ఇటుగా ఒకటి రెండు. తర్వాత ఒకచోట నుంచి మెట్లు మొదలయ్యాయి. నెలకొకసారి, మొదటి ఆదివారం గడిచిన సోమవారం నాటి అంకె యాభైకి బదులు నూట యాభై పెరిగింది. మరుసటి నెలా అంతే. ఆ మరుసటి నెలా అంతే. డెబ్బై రెండు నెలల్లో అయిదుసార్లు మాత్రమే ఆ మెట్టు లేదు. ఆ అయిదింటిలో ఒకటి సుజాత కాన్పు, ఒకటి ఆయన కాలు విరిగిన నెల. మిగతా అరవై ఏడు ఆదివారాలు ఆయన పోను యాభై, రాను యాభై ఎక్కడికో పోయి వచ్చాడు. మొత్తం ఆరు వేల ఏడు వందల కిలోమీటర్లు.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో రాస్తున్నాను. యాభై కిలోమీటర్లంటే కోదాడ కావచ్చు, తిరుమలగిరి కావచ్చు, మిర్యాలగూడ కావచ్చు. అక్కడ ఏ పెద్ద మనిషో తన బండ్లన్నీ నెలనెలా చూసిపెట్టమని ఈయనను పెట్టుకుని ఉంటాడు, ఈయన నాకు చెప్పకుండా దాచి ఉంటాడు. చనిపోయి పదిహేను రోజులైన మనిషి మీద, ఆయన డైరీ చేతిలో పట్టుకుని, నేను మళ్లీ అసూయపడ్డాను.

తర్వాత బిల్లులు తీశాను. స్టార్టరు మోటారు. ఫ్యూజు బాక్సు. వైరింగు కట్ట. డీజిల్ ఫిల్టర్లు ఆరు. యాదన్నది పెట్రోలు కారు. దానికి డీజిల్ ఫిల్టరు ఎందుకు? బిల్లు తిరగేశాను. వెనక ఒక బండి నంబరు రాసి ఉంది. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆరేళ్లుగా నేను నలుగురిలో చదివిన నంబరే అది.

మరునాడు వేములపల్లి పోయాను. దేవదానం గారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. సన్నబడ్డారు గానీ నవ్వు బాగుంది. కారు పందిరి కింద ఉంది. రూతమ్మ నన్ను చూసి, “ఈ నెల ఎవరన్న వస్తరని అనుకోలేదు సార్,” అన్నది. ఆ ఒక్క మాటతో నాకు సగం తెలిసిపోయింది. మిగతా సగం అడిగాను. నా జీవితంలో మొదటిసారి ఒక బండి గురించి ఇంటి ఇల్లాలిని అడిగాను.

“కొన్న మూడో నెలల ఆగిపోయింది సార్. సరిగ్గ డయాలసిస్ కు పోయే దినం. యాదగిరి గారికి ఫోన్ చేస్తే గంటలో వచ్చిండు. ముందు ఈయనను తన బండిల దవాఖానకు తీస్కపోయిండు. ఆ తర్వాత ఈ బండి విప్పిండు. లోపల వైర్లన్ని పచ్చగ చిలుము పట్టినయ్. ఆ ఏడు నెలల్ల వరద వచ్చిందంట వాళ్ల ఊర్ల. ఇంటి ముందటి బండి సీట్ల దాక మునిగిందంట. అమ్మినాయన బయట షెడ్ల ఆరబెట్టిచ్చుకున్నడు. కాగితానికి ఎక్కలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

ఆమె భర్త వైపు చూసింది. ఆయనే చెప్పాడు. “నేను కోపంల మీకు ఫోన్ చేస్తనన్న. యాదగిరి నా చెయ్యి పట్టుకున్నడు. ‘సోమయ్య లెక్క తప్పలేదు సార్, కాగితమే సగం చెప్పింది. ఈ సంగతి తెలిస్తే వాడు మళ్ల గ్రాఫు ముట్టడు. వాని గ్రాఫుకు భయపడే ఈడ మీటర్లు తిప్పెటోళ్లు జర అదుపుల ఉన్నరు. వాడు ఇడిసిపెడితే వందమంది మునుగుతరు. మీ ఒక్క బండి సంగతి నేను సూస్కుంట’ అన్నడు. చిలుము ఆగదు కద సార్, ఒకచోట తీస్తే ఇంకోచోట వస్తది. అందుకే నెలనెలా వచ్చెటోడు. నాకు ఒక్క డయాలసిస్ తప్పలేదు.”

“వచ్చినప్పుడల్ల ‘మీరు బాగున్నరా’ అని మమ్మల్ని అడిగెటోడు,” అన్నది రూతమ్మ. “‘మా తమ్ముడు ఎదురైతే బండి మంచిగున్నదని చెప్పుండ్రి’ అనెటోడు.”

తిరిగి వచ్చేటప్పుడు మిర్యాలగూడ దాటేదాకా ఆయన మీద కోపమే ఉంది నాకు. నాకున్నది ఒకే ఒక గెలుపు. దాన్ని కూడా ఆయనే గెలిచి, నా పేరు మీద రాసి, ఆరేళ్లు కాపలా కాశాడు. జలుబు మాట నేను అన్న ప్రతిసారీ నిజం చెప్పగలిగిన మనిషి ఆయన. అన్న ప్రతిసారీ నవ్వాడు. ఓర్వలేనితనంలో కూడా ఒక సమానత్వం ఉంటుంది. అవతలివాడూ మనలాంటివాడే, అదృష్టం కొద్దీ ఒక మెట్టు పైనున్నాడన్న నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం ఆ రోడ్డు మీద పోయింది. ఇప్పుడు ఆయన నైపుణ్యం మీద నాకు అసూయ లేదు. ఆ నవ్వు మీద ఉంది. అది చెయ్యి తిరిగితే వచ్చేది కాదు, గ్రాఫు గీస్తే పట్టుబడేది కాదు.

మొన్న మొదటి ఆదివారం సూర్యాపేట నుంచి ఒక మంచి మెకానికును వెంటబెట్టుకుని వేములపల్లి పోయాను. అతను బానెట్ ఎత్తి, లోపల యాదన్న కట్టిన వైర్లను చాలాసేపు చూశాడు. “ఏ వైరు యాడ కలిపిండో ఆయనకే ఎరుక సార్. బొమ్మ ఏమన్న గీసి పెట్టిండా?” అని అడిగాడు. గీసి పెట్టలేదు. నూనె చూసి, గాలి చూసి వచ్చాము. వచ్చే నెల కూడా పోతాము. ఆ బండి ఎన్నాళ్లు నడుస్తుందో ఏ లెక్కకూ అందదు. సూర్యాపేటలో మెకానికులు చాలామంది ఉన్నారు, లెక్కలు తెలిసినవాళ్లూ ఉన్నారు. యాదన్న ఉన్న చోటు ఖాళీగానే ఉంది. ఖాళీని మంచి గుణం కింద రాసే తప్పు నేను మళ్లీ చేయను.

ఆయన కారు చరిత్ర రాసి నిన్న సుజాతకు ఇచ్చాను. ఒకే యజమాని. గుద్దులు లేవు. మీటరు తిప్పలేదు. కొనేవాడు తెలివైనవాడైతే ఆ అరవై ఏడు మెట్ల గురించి తప్పక అడుగుతాడు. అందుకని కింద కారణం రాసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను. యాదన్నకు నేను ఇవ్వగలిగిన నివాళి ఆ ఒక్క వాక్యమే. దాన్నే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

“ఈ బండి అదనంగా తిరిగిన ఆరు వేల ఏడు వందల కిలోమీటర్లు నా లెక్క తప్పు వల్ల తిరిగినవి.”